తీసుకెళ్లినవారి సంతకం

జూలై నెలలో మా కొండమీద సూర్యుడు సెలవు పెట్టేస్తాడు. పొద్దున పది దాటినా తేయాకు తోటల మీంచి మంచు లేవదు. అలాంటి ఒక పొద్దున గథోగో పెళ్లినాటి కోటు తొడుక్కుని బడికి బయల్దేరాడు. నలభై దాటాక బడేమిటని పాలకేంద్రం దగ్గర అందరూ నవ్వారు. ఆ కోటుకి బొత్తాలు పట్టక పదేళ్లయింది. దానికీ నవ్వారు.

అది మామూలు బడి కాదు. తెల్లదొరల కాలంలో దొంగతనాలు చేసిన పిల్లల్ని తెచ్చి బాగుచేసిన బడి. గథోగో తండ్రి గిథైగ చిన్నప్పుడు అందులోనే ఉన్నాడు. ఎంత బాగుపడ్డాడో ఆయనకి మేకల్ని అమ్మినవాళ్లని అడగాలి.

మాలో మొదటి కొడుక్కి తండ్రివైపు తాత పేరే. తాత బతికున్నా, పోయినా సరే. బిడ్డ పుట్టగానే వాకిట్లో ఆడవాళ్లు "ఎవరొచ్చారు?" అని అడుగుతారు. ఇంట్లోవాళ్లు పేరు చెబుతారు. ఎవరి పేరు చెబితే వాళ్లే వచ్చినట్టు. గథోగో మొదటి కొడుకు పుట్టినప్పుడు "గిథైగ వచ్చాడు" అన్నారు. తొమ్మిదోనాడు పోయాడు. రెండోవాడు పుట్టాడు. మళ్లీ గిథైగే వచ్చాడన్నారు. వాడూ తొమ్మిదోనాడే.

రెండో గొయ్యి పూడ్చిన సాయంత్రం ముసలాయన కొడుకుని పక్కకి పిలిచాడు. "అది నా పేరు కాదురా. బడి నుంచి తెచ్చుకున్నాను. పుస్తకంలో చూడు, నా పేరు..." అక్కడే నోరు పడిపోయింది. ఊరందరి గుట్టూ విప్పిన నోరది. సొంత గుట్టు దగ్గరకొచ్చేసరికి మూతబడింది. నెల తిరక్కుండా మనిషీ పోయాడు.

ఇప్పుడు గథోగో భార్య న్యవీరకి మళ్లీ నెలలు నిండాయి. "ఆ పేరు తెలుసుకోకుండా ఇంటికి రాకు," అంది మొగుడితో. "ఇంకొకణ్ణి పూడ్చే ఓపిక నాకు లేదు."

బడిలో ఇప్పుడు పిల్లల్లేరు, ఎరువు బస్తాలున్నాయి. చివరి గదిలో రిజిస్టర్లు. ఆ గదికి కాపలా గకూరు. ఆయన ఉద్యోగం విరమించి ఆరేళ్లయినా ఆయన తాళంచెవి ఇంకా విరమించలేదు.

"ఏం నాయనా, మీవాడు ఏం కొట్టేశాడు?" అన్నాడు కళ్లజోడు తుడుచుకుంటూ.

"తెలీదు బాబాయ్. పేరు గిథైగ."

"అందరూ ఇదే మాట. దొంగ పేరు గుర్తుంటుంది, కొట్టేసిన మేక గుర్తుండదు."

గదిలో చీకటి. తడిసిన గొంగడి వాసన. అట్టలూడిన పుస్తకం తెరిచి గకూరు వేలితో గడులు చూపించాడు. నంబరు, పేరు, నేరం, ఒంటిమీద గుర్తులు, విడుదల, తీసుకెళ్లినవారి సంతకం.

"ఇదిగో. రెండువందల పదిహేడు. గిథైగ. బస్తా మొక్కజొన్న. గుర్తు, ఎడమ చెవి సగం లేదు."

"మా నాన్నకి రెండు చెవులూ ఉన్నాయి బాబాయ్. ఆయనకి కుడి అరచెయ్యి కాలింది."

గకూరు వేలు కిందికి జారింది. అక్కడ ఆగింది. "రెండువందల పద్దెనిమిది. రుహియు. ఒక మేక. గుర్తు, కుడి అరచెయ్యి కాలింది. జ్వరంతో చనిపోయాడు, బడి పొలంలో పూడ్చారు."

గకూరు వేలు మళ్లీ పై గడికి వెళ్లింది.

"అర్థమైందా?" అన్నాడు గకూరు మెల్లిగా. "ఇద్దరి మంచాలూ పక్కపక్కనే. పోయింది గిథైగ. అప్పటికి వాడి విడుదలకి వారం కూడా లేదు. మీ నాన్నకి ఇంకా నాలుగేళ్లుంది. పోయినవాడే రుహియు అని మీ నాన్న చెప్పాడు. తను గిథైగనని చెప్పుకుని గేటు దాటాడు. దొరలకి మన మొహాలన్నీ ఒకటే కదా."

పొలంలో పడుకున్నవాణ్ణి రెండుసార్లు పిలిచాం. రెండుసార్లూ వాడే వచ్చాడు. అయినా పేరు దొరికింది. రుహియు... రుహియు... మర్చిపోకుండా నాలుక మీదే పెట్టుకున్నాడు.

"చూసినందుకు సంతకం పెట్టు," అన్నాడు గకూరు వెనక్కి తిరిగి ఇంకో పుస్తకం వెతుకుతూ.

గథోగోకి తొందర. ఎదురుగా తెరిచున్న పేజీలో ఖాళీగా ఉన్నది ఒకే గడి. ఎక్కడికెళ్లినా చెప్పుకున్నట్టే రాసేశాడు. గథోగో, గిథైగ కొడుకు.

"అయ్యో, అక్కడ కాదయ్యా!" గకూరు తిరిగి చూసి పకపకా నవ్వాడు. "అది తీసుకెళ్లినవారి గడి. రెండువందల పదిహేడు! సరేలే, అరవయ్యేళ్లుగా వాడి కోసం ఎవరూ రాలేదు. నువ్వైనా తీసుకెళ్లు."

వెనకాల బల్ల కిర్రుమంది. కూర్చున్నవాళ్లు లేచినట్టు.

బస్సు దిగాక ఇంటికి రెండు మైళ్ల ఎర్రమట్టి దారి. పట్టపగలే, మంచులో తన కాళ్లు తనకే కనిపించడం లేదు. చెప్పుల చప్పుడు వినిపిస్తోంది. దాని వెనకే ఇంకో చప్పుడు... చెప్పుల్లేని పాదాలది. గథోగో ఆగాడు. అదీ ఆగింది. ఒక్క అడుగు ఆలస్యంగా.

తడి గొంగడి వాసన.

"ఎవరది?" మంచులోకి కేకేశాడు.

చలికి పళ్లు కొట్టుకుంటున్న శబ్దం... మోచేతి దగ్గరే... పరిగెత్తాడు.

ఇల్లు కనబడకముందే కేక వినబడింది. ఆడవాళ్ల సంతోషపు కేకలు. ఒకటి, రెండు, మూడు... నాలుగు, ఐదు. మూడైతే ఆడపిల్ల, ఐదైతే మగపిల్లాడు. నొప్పులు ముందే వచ్చేశాయి.

వాకిట్లో మంత్రసాని ముగూరె అవ్వ చేతులు కడుక్కుంటోంది. ఈ కొండమీద సగం మందిని బయటికి లాగింది తనే. ఆ సంగతి ఎవర్నీ మర్చిపోనివ్వదు.

"వచ్చావా పెళ్లికొడకా! కోటు బాగుంది. చెప్పు, ఎవరొచ్చారు?"

"రుహియు!" అరిచాడు గథోగో. "రుహియు వచ్చాడు!"

ఆడవాళ్లు మళ్లీ కేకలేశారు. అవ్వ బిడ్డని తెచ్చి చూపించింది. గథోగో ముందు ఎడమ చెవి తడిమాడు. నిండుగా ఉంది. కుడి పిడికిలి విప్పాడు. అరచేతి నడుమ రూపాయంత ఎర్రటి మచ్చ. తండ్రే వచ్చాడు. గథోగో అక్కడే కూలబడి ఏడ్చాడు. కోటు వీపున చిరిగింది. ఎవరూ నవ్వలేదు.

అవ్వ బిడ్డని తీసుకెళ్లి తల్లి పక్కన పడుకోబెట్టి కాసేపటికి వచ్చింది.

"అది సరే గానీ, నీ వెనకాలే వచ్చాడే, వాడెవర్రా? చలికి వణుకుతుంటే గిన్నెడు జావ పోశాను. ఎన్నేళ్లయిందో తిని, అలా తాగాడు. పాపం, ఒక చెవి సగం లేదు."

గథోగో గబుక్కున లేచాడు.

"మర్యాదగా ఉన్నాడులే. ఒకటే అడిగాడు. 'అవ్వా, నేను వచ్చినప్పుడు ఎవరొచ్చారని అడగలేదేం?' అని. నవ్వొచ్చింది నాకు."

అందరూ తలుపులోంచి పొయ్యి వైపు చూశారు. పీట ఖాళీగా ఉంది. గిన్నె నాకి పెట్టినట్టు తళతళలాడుతోంది. పొయ్యి దగ్గర్నుంచి లోపలి గదిదాకా తడి పాదాల గుర్తులు... చిన్నవి... వెళ్లినవే ఉన్నాయి.

లోపల బిడ్డ ఏడుపు ఆగింది.

"ఏమయ్యా," న్యవీర గొంతు, నిద్రమత్తులో. "బాగా ఆడిస్తున్నాడు మన బిడ్డని... ఎవరబ్బాయి?"