పడనన్న పెట్టె

డైరెక్టర్ కుర్చీలో కూర్చోలేదు. కిటికీ దగ్గర నిలబడి వీధి వైపు చూస్తూ మాట్లాడాడు.

"రోటర్ పోయింది. నిన్న సాయంత్రం ల్యాబ్‌లో ఉంది, తెల్లారేసరికి లేదు. తలుపు పగలలేదు, తాళం విరగలేదు. తాళంచెవి ఉన్నది ఒక్కరి దగ్గరే."

"మా అక్క దగ్గర," అన్నాడు ఘటం.

డిపార్ట్‌మెంట్‌లో అతని పేరు అదే. మొండిఘటంలో మొదటి సగం మర్యాద కోసం వదిలేశారు. పరాయి దేశపు పోలీసులు వారం పాటు ప్రశ్నించినా, టీ కావాలన్న మాట తప్ప అతని నోట ఇంకోటి రాలేదని ఆఫీసులో చెప్పుకుంటారు.

"ఆవిడ కింద గదిలో ఉంది. ఎవరికిచ్చిందో చెప్పడం లేదు. తమ్ముడివి, నువ్వడిగితే చెబుతుంది. అడిగి, తర్వాత కొండ రోడ్డుకు వెళ్ళు. సరుకు లారీలో ఆ దారిన సరిహద్దు దాటబోతోందని హంస కబురు పంపింది."

హంస అన్నది కోడ్ పేరు. పర్యటనకు వచ్చిన విదేశీ ఐస్ బ్యాలే బృందంలో ఆమె ప్రధాన నర్తకి. ఊళ్ళో ఆమె పోస్టర్ లేని గోడ లేదు. బృందం వెనక ఒక గూఢచారి ముఠా ఉంది. ముఠాలో ఉంటూనే ఆమె డిపార్ట్‌మెంట్‌కు సమాచారం అమ్ముతోంది.

"బృందం ఇవాళే ఓడెక్కుతోంది కదా సార్? వాళ్ళ సామాను..."

"వాళ్ళు ప్రభుత్వ అతిథులు. ఒక్క పెట్టె మీద చెయ్యి వేశావంటే నీ ఉద్యోగం, నా ఉద్యోగం రెండూ గంగలో కలుస్తాయి."

"సరుకు దొరక్కపోతే?"

"రాత్రికి మీ అక్క మీద దేశద్రోహం కేసు. ఆ తర్వాత నా చేతుల్లో ఏమీ ఉండదు."

కింద గదిలో ఒక బల్ల, రెండు కుర్చీలు, ఒక బల్బు ఉన్నాయి. అక్క ఒక కుర్చీలో కూర్చుని రెండో కుర్చీ మీద కాళ్ళు చాపుకుంది. ముందున్న టీ చల్లారిపోయింది.

"ఆపేశారేమోరా," అంది తమ్ముణ్ణి చూడగానే.

"నువ్వెలా ఉన్నావక్కా?"

"నాకేం, కూర్చునే ఉన్నాను. దాని సంగతి చెప్పు."

అది పళ్ళెమంత ఉక్కు చక్రం. గాలి లేని డబ్బాలో, ఆరేళ్ళుగా ఒక్క క్షణం ఆగకుండా తిరుగుతోంది. భూమి తాను తిరుగుతూ చుట్టూ ఉన్న స్థలాన్నీ కాలాన్నీ కూడా కాస్త మెలిపెడుతుందని సాపేక్షతా సిద్ధాంతం చెబుతుంది. దుప్పటి కప్పుకున్న పిల్లవాడు పక్కకు దొర్లితే దుప్పటి మెలిపడినట్టు. ఆ మెలిక కొలవడం అక్క పని. ముఠాకు మెలికతో పనిలేదు. దిక్కు తప్పని చక్రం చేతిలో ఉంటే ఆకాశం చూడకుండానే జలాంతర్గామిని నడపొచ్చు, క్షిపణిని కోరినచోట దించొచ్చు. ఒకసారి ఆపితే మాత్రం అది మళ్ళీ ఆ కుదురుకు రాదు. అందుకే తిరుగుతుండగానే ఎత్తుకెళ్ళారు.

"ఒప్పుకోమంటున్నారట?"

"చెయ్యనిది ఎలా ఒప్పుకుంటానురా? ఇప్పటికి మూడుసార్లు అడిగారు. ముప్ఫై సార్లు అడగనీ."

"లారీలో కొండ రోడ్డు మీద పోతోందట."

అక్క కుర్చీ మీంచి కాళ్ళు తీసింది.

"ఎవరా మాట అన్నది? మోసేటప్పుడు చక్రాన్ని పట్టుకుని ఉండే లోపలి రింగులు బిగించెయ్యాలి. అప్పుడు పెట్టె, చక్రం రెండూ ఒకటే ముక్క. ఇరుసు అడ్డంగా పెట్టి మోస్తూ మలుపు తిరిగావనుకో, పెట్టె నీతో తిరగదు. పక్కకు ఒరిగి నీ చెయ్యి మెలిపెడుతుంది. ఆ రోడ్డంతా మలుపులూ ఎత్తుపల్లాలే. కొండ దిగేలోపు బేరింగులు పొడైపోతాయి. దొంగిలించేంత తెలిసినవాడు ఆ దారిన పంపడు. పంపాడని చెప్పినవాడు అబద్ధమాడాడు."

"చెప్పినవాడు కాదు, చెప్పింది. ఆ ఐస్ నర్తకి ఎప్పుడైనా మీ ల్యాబ్‌కు వచ్చిందా?"

అక్క చల్లారిన టీ పక్కకు జరిపింది.

"పోయిన వారం వచ్చింది. అంత చక్కగా గిర్రున తిరిగే మనిషి, తను ఎలా తిరుగుతోందో చెప్పమని అడిగితే మురిసిపోయాను. అన్నీ చూపించాను. తాళంచెవి బల్ల మీదే ఉంది."

ఘటం లేచాడు. "వెళ్ళొస్తానక్కా."

"కొండకా?"

"పంపింది కొండకే. వెళ్ళేది ఓడ దగ్గరికి. సామాను ముట్టుకోవద్దన్నారు. ముట్టుకోను. ఒక్క మలుపు తిప్పిస్తాను."

ఓడ వంతెన ముందున్న ఇనప గేటు దగ్గర కాపలాదారును ఘటం క్యాంటీన్‌కు పంపించాడు. అతని టోపీ పెట్టుకుని, పెట్టుడు మీసం అంటించుకుని, గేటు తాళంచెవి జేబులో వేసుకుని నిలబడ్డాడు. సామాన్ల షెడ్డు నుంచి గేటుకు వచ్చే దారిలో ఒక మలుపుంది. పెట్టెలన్నీ దాని మీదుగానే రావాలి.

కూలీలు ట్రాలీలు తోసుకుంటూ వచ్చారు. అన్నీ నల్ల పెట్టెలు, అన్నీ ఒకే సైజు. మొదటిది మలుపు తిరిగింది. రెండోది తిరిగింది. చివరి దాకా ఒక్కటీ మొరాయించలేదు. వచ్చి గేటు ముందు వరసగా ఆగాయి.

జేబులో అగ్గిపెట్టె గరగరమంది. అందులో ఉన్నది రేడియో.

"కుండలో నీళ్ళున్నాయా?" డైరెక్టర్ గొంతు. పోస్టులో ఉన్నావా అని దానర్థం.

"నిండుగా."

అప్పుడే ఓడ కూసింది.

"అదేం కూతయ్యా? కొండ మీద ఓడెక్కడిది?"

"లారీ హారన్ సార్."

"ఘటం!"

ఘటం అగ్గిపెట్టె మూసేశాడు.

తెల్ల కోటు వేసుకుని హంస వచ్చింది. వెనక ఫొటోగ్రాఫర్లు. ఆమె వాళ్ళను దూరంగా ఆపి గేటు దగ్గరికి నడిచింది.

"టోపీ చిన్నదైంది ఘటం గారూ."

"తల పెద్దది మేడమ్."

"మలుపు దగ్గరే కళ్ళు పెట్టుకుని చూశారట. అక్కగారి పాఠమా? బాగా చెబుతారావిడ. నేనూ విన్నాను."

"మీరు మా మనిషి కదా?"

"వారంలో మూడు రోజులు."

"మా అక్క జైలుకు పోతుంది."

"జైల్లో లెక్కలు చేసుకోవడానికి తీరికుంటుంది. మీరు గేటు తియ్యండి చాలు."

ఫొటోగ్రాఫర్లు ఏదో అరిచారు. ఆమె నవ్వి, చేతులు ఛాతీకి చేర్చుకుని, ఒంటి మడమ మీద గిర్రున తిరిగింది. ఫ్లాష్‌లు వెలిగాయి.

ఘటం ఆమె ముఖం చూడలేదు, మడమ చూశాడు. ఆమె నిట్టనిలువుగా తిరుగుతోంది. ముఖం ఎటు తిరిగినా ఇరుసు చెక్కుచెదరలేదు. అతనికి పొద్దుటి పాఠంలో మిగిలిన సగం అర్థమైంది. చక్రాన్నీ ఆమె ఇలాగే నిలబెట్టింది. ఇరుసు నిలువుగా ఉంటే ఎన్ని మలుపులు తిప్పినా పెట్టె కిక్కురుమనదు. దానికి ఇక గిట్టనిది ఒకటే. ఒరగడం.

వంతెన వైపు చూశాడు. గట్టు నుంచి ఓడ దాకా ఇంటి నేలలా చదునుగా ఉంది. గట్టు గోడ వైపు చూశాడు. నీటి మట్టానికి పైన జానెడు మేర గోడ తడిగా ఉంది. పోటు అయిపోయి ఆటు మొదలైంది. నీళ్ళు దిగితే ఓడ దిగుతుంది. ఓడ దిగితే వంతెన వాలుతుంది. ఆ పని చంద్రుడు చూసుకుంటాడు. కావలసింది వ్యవధి.

ఘటం జేబులోంచి తాళంచెవి తీసి సముద్రం మీదుగా చెయ్యి చాపి వదిలేశాడు.

"అయ్యయ్యో," అన్నాడు.

హంస నవ్వు ఫొటోగ్రాఫర్ల కోసం అలాగే ఉంది. మాట మాత్రం మారింది. "ఏం చేశావు?"

"జారిపోయింది మేడమ్. చేతులు వణుకుతున్నాయి, వయసు."

ఓడ కెప్టెన్ పైనుంచి తిట్లు లంకించుకున్నాడు. రేవు అధికారి పరిగెత్తుకొచ్చి, "ఎవడ్రా నువ్వు? మా కాపలావాడేడీ?" అంటూ ఘటం టోపీ లాగాడు. టోపీతో పాటు మీసం వచ్చింది. ఇద్దరు పోలీసులు చెరో రెక్కా పట్టుకున్నారు. ఘటం ఎదురు చెప్పలేదు. వెల్డర్ కోసం కబురు వెళ్ళింది. వెల్డర్ రేవుకు ఆ చివర ఉన్నాడు. అతను వచ్చాడు. అతని సిలిండర్ రాలేదు. అదీ వచ్చి తాళం తెగేసరికి ఎండ షెడ్డు కప్పు మీదికి ఎక్కింది. వంతెన జారుడుబల్లలా ఓడ వైపు వాలింది.

అప్పటికి డైరెక్టర్ జీపు కూడా వచ్చింది. వెనక సీట్లో అక్క, ఆమెకు అటూ ఇటూ కాపలా.

"మీ ఇద్దర్నీ ఒకేసారి లోపల వేయిద్దామని తెచ్చాను," అన్నాడు డైరెక్టర్. "సామాను మీద చెయ్యి వెయ్యొద్దన్నానా?"

"వెయ్యలేదు సార్. రెండు చేతులూ వీళ్ళ దగ్గరే ఉన్నాయి, చూడండి."

ఓడ మళ్ళీ కూసింది. కెప్టెన్ తొందరపెడుతున్నాడు. కూలీలు ట్రాలీలను పరుగున తోశారు. మొదటిది వాలు దిగింది. రెండోది, మూడోది దిగాయి. హంస అప్పుడు వంతెన వైపు చూసింది.

"ఆగండి! ఆ పెట్టె చేత్తో..."

నాలుగో ట్రాలీ ముందు చక్రాలు వాలు మీదికి వచ్చేశాయి. కూలీ తిన్నగానే తోస్తున్నాడు. ట్రాలీ మాత్రం, ఎవరో భుజంతో నెట్టినట్టు, ఎడమకు ఒరిగింది. పెట్టె జారి, గట్టు అంచున ఒక మూల మీద పడింది.

పడి, అలాగే నిలబడింది.

ఒంటి మూల మీద ఒరిగి నిలబడి, కింద పడకుండా మెల్లగా చుట్టూ తిరగసాగింది. లోపలి నుంచి సన్నటి రొద. కూలీ ట్రాలీ వదిలేసి వెనక్కి దూకాడు. "దయ్యం!" అని ఎవరో అరిచారు. ఫ్లాష్‌లన్నీ హంసను వదిలేసి పెట్టె వైపు తిరిగాయి.

"ఏమిటయ్యా అది?" అన్నాడు డైరెక్టర్.

"మా అక్క ఆరేళ్ళ కష్టం సార్. పడనంటోంది."

పెట్టె ఒక్కో చుట్టుకు కాస్త కాస్త జరుగుతోంది. జరిగేది నీళ్ళ వైపు. ఇంకో చుట్టు తిరిగితే గట్టు దాటేస్తుంది. ఘటం విదిలించుకుని పరిగెత్తాడు. పోలీసులు పట్టు వదిలేసి నోళ్ళు తెరిచి చూస్తున్నారు.

"వెనక్కి లాగు!" డైరెక్టర్ అరిచాడు.

"లాగకురా!" అక్క జీపులోంచి అంతకన్నా గట్టిగా అరిచింది. "లాగితే పడుతుంది! అది తిరిగే వైపే తొయ్యి! తొందరపెట్టు!"

ముందు సముద్రం. అది తిరిగే వైపు తోస్తే తనే దాన్ని నీళ్ళలోకి నెట్టినట్టు ఉంది. ఘటం రెండు చేతులూ పెట్టె మీద వేసి, అది తిరిగే వైపే తోశాడు. పెట్టె అంచు మీదికి వచ్చింది. మూల కింద సగం రాయి, సగం గాలి. ఇంకా తోశాడు. ఒరిగిన పెట్టె నెమ్మదిగా లేచింది. నిటారుగా లేచి, నాలుగు మూలలూ ఆనించి, గట్టు మీద కూర్చుంది.

అక్క కాపలావాళ్ళను తప్పించుకుని వచ్చి పెట్టె పక్కన మోకాళ్ళ మీద కూలబడింది. మూతకు చెవి ఆనించింది.

"తిరుగుతోంది," అంది.

డైరెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "మీరు ఇంటికి వెళ్ళొచ్చమ్మా."

"ఇంటికెందుకు? ల్యాబ్‌కు. ఇది జీపులో ఎక్కదు. నలుగురు పట్టుకుని, వంచకుండా, నడుచుకుంటూ తీసుకెళ్ళాలి. వీడూ, నా కాపలావాళ్ళిద్దరూ కలిసి ముగ్గురున్నారు. మీరు కూడా ఒక మూల పట్టుకోండి సార్."

డైరెక్టర్ కోటు విప్పాడు.

పోలీసులు హంస చేతులు రెండూ ముందుకు చేర్చి బేడీలు వేశారు. ఆమె వాటిని గాజుల్లా సర్దుకుని డైరెక్టర్ వైపు చూసింది. "చేతులు దగ్గరికి చేరిస్తే ఇంకా వేగంగా తిరుగుతాను. తెలియదా మీకు?"

డైరెక్టర్ అక్క ముఖం కేసి చూశాడు. అక్క తలూపింది.

"రాసుకోండి సార్," అన్నాడు ఘటం, పెట్టె మూల భుజానికెత్తుకుంటూ. "ఇన్నాళ్ళలో ఆవిడ మనకిచ్చిన సమాచారంలో నిజమని తేలింది ఇదొక్కటే."