నెవెనా పగడం ముడుచుకున్న అయిదు వారాలు

గావ్రా ఎవరని కికిందా ఊళ్ళో ఎవరినైనా అడగండి. ఉప్పునీళ్ళ తొట్టిలో పగడాలు పెంచడంలో ఈ మైదానం మొత్తమ్మీద నా అంతవాడు లేడు. పగలంతా బండి తోలినా సముద్రం కనపడని ఊరు మాది. అయినా నా భోజనాల గదిలో సముద్రముంది. నెవెనా పగడాన్ని చావు నోట్లోంచి లాగి, ఆమెకీ రాష్కోకీ పెళ్ళి కుదిర్చింది నేనే. ఈ రెండు చేతులతోనే!

రాష్కో మా వీధి దీపాలు బాగుచేసేవాడు. ముప్పై ఏళ్ళుంటాయి. నిచ్చెన ఎక్కితే ధైర్యం, దిగితే సిగ్గు. సెప్టెంబరులో ఒక వానపూట నా తొట్టిలోంచి ఒక నత్తనీ, బకెట్టు నీళ్ళనీ తన తొట్టికి పట్టుకెళ్తూ రోడ్డు దాటుతున్నాడు. డ్రైవింగు స్కూలు కారొకటి కీచుమంటూ వాడి మోకాళ్ళ దగ్గర ఆగింది. సగం బకెట్టు వాడి ప్యాంటు మీద, సగం కారు కిటికీలోంచి లోపలికి.

నేర్పే అమ్మాయి తల బయటపెట్టింది. ఆమే నెవెనా.

"ఓయ్ మిస్టర్! వాన చాల్లేదా, బకెట్టుతో కూడా పోస్తున్నావు?"

"కదలకండి మేడమ్! మీ ఒళ్ళో నత్త ఉంది."

కెవ్వుమంటుందనుకున్నాడు. ఆమె దాన్ని రెండు వేళ్ళతో తీసి వెలుతుర్లో తిప్పి చూసింది. "నాచు తినే రకం. నా తొట్టిలో ఆరున్నాయి. నీ నీళ్ళలో ఉప్పెంత?"

"లీటరుకి ము... ముప్పై అయిదు గ్రాములు."

"నాదీ అంతే!"

వెనక కార్లన్నీ హారన్లు కొడుతున్నాయి. కారు నేర్చుకుంటున్న రిటైర్డ్ ప్లీడరుగారు, "అమ్మాయ్, ఇప్పుడు క్లచ్ వదలనా?" అని మూడోసారి అడిగారు.

ఆ సాయంత్రం రాష్కో తడి ప్యాంటుతోనే మా ఇంటికొచ్చాడు. "బాబాయ్, ఆవిడదీ ముప్పై అయిదేనట!" జాతకాలు కలిశాయన్నంత సంబరంగా చెప్పాడు.

అక్టోబరు మొదట్లో నెవెనా తొట్టి అద్దాల అతుకు ఊడి నీళ్ళు కారడం మొదలైంది. కొత్తది తయారవడానికి అయిదు వారాలన్నారు. చేపల్ని స్నేహితురాలికి అప్పగించి, తన పుట్టగొడుగు పగడాన్ని మాత్రం రాష్కో చేతికిచ్చింది. రాయిలా ఉండే పగడం కాదది, తోలులా మెత్తనిది. లావుపాటి కాడ, పైన గొడుగు, గొడుగు నిండా నీళ్ళలో ఊగే చిన్నచిన్న చేతులు.

"బొటనవేలంత ఉన్నప్పుడు తెచ్చాను. అరచెయ్యంత కావడానికి ఆరేళ్ళు పట్టింది. నేను మొదలుపెట్టిన వాటిలో మధ్యలో వదిలెయ్యనిది ఇదొక్కటే. జాగ్రత్త!"

"ప్రాణంలా చూసుకుంటాను."

"ప్రాణంలా వద్దు, పగడంలా చూసుకో. చాలు."

వాడు ప్రాణంలాగే చూశాడు. రోజూ నీళ్ళు మార్చాడు. ఆ నీళ్ళు ఎంత శుభ్రమయ్యాయంటే, పాపం దానికి తినడానికి నలుసైనా మిగల్లేదు. పొద్దున దీపం కిందికి జరిపాడు, మధ్యాహ్నం నీళ్ళు తిప్పే మోటారు పక్కకి, రాత్రి మళ్ళీ మూలకి. పగడం చేతులన్నీ లోపలికి లాక్కుంది. ఒంటి మీద మైనంలాంటి పొర కట్టింది. పదో రోజున బకెట్టు పట్టుకుని నా మంచం పక్కన నిలబడ్డాడు.

"చచ్చిపోయింది బాబాయ్."

"పాము కుబుసంలా పొర విడుస్తోందేమోరా. నా తొట్టిలో పెట్టి ఇంటికి పో. ఊరికే ఉండు."

పెట్టాడు కానీ, ఊరికే ఉండలేదు. మర్నాడే బెల్‌గ్రేడ్ బస్సెక్కి, అదే రంగు పగడం ఇంకొకటి కొనుక్కొచ్చాడు. అమ్మాయి సంతోషించాలని షాపులో అన్నిటికన్నా పెద్దది ఏరాడు, తెలివైనవాడు!

ఇక నేను చేసిన వైద్యం చెప్తాను. అప్పటికి నా నడుము పట్టేసి వారమైంది. ఇంకో మూడు వారాలు తొట్టి దాకా నడవలేకపోయాను. మా ఆవిడ పెర్సిదా చేపలకి చిటికెడు తిండి వేసి, దీపం వెలిగించి, ఆర్పేది. పగడాన్ని ఎవరూ ముట్టుకోలేదు. అదే నా హస్తవాసి! ఆ మాటకొస్తే మొదటి ఏడాది ఈ రెండు చేతులూ పదకొండు పగడాల్ని చంపాయి. అన్నిటినీ ప్రేమతోనే.

నవంబరులో మా ఇంటి స్లావా వచ్చింది. మా వంశాన్ని కాచే పునీతుడి పండగ. దానికి పిలుపులుండవు, గుర్తున్నవాళ్ళు వచ్చి కూర్చుంటారు. ఫాదరుగారు రొట్టెని దీవించారు. మాంసం పెట్టి చుట్టిన క్యాబేజీ చుట్టలు వడ్డిస్తున్నాం. రాష్కో నోట్లో ఒకటి ఉండగా తలుపు తెరుచుకుంది. నెవెనా! జుట్టునిండా వాన, చేతిలో బకెట్టు.

"మీ ఇంటికే వెళ్ళాను. మీ అమ్మ ఇచ్చింది. ఇదేంటి రాష్కో?"

"నీ పగడం."

"నాది అరచెయ్యంత. ఇది మా తాత టోపీ అంత ఉంది."

"నా దగ్గర... బాగా తిన్నది."

"ఆరేళ్ళలో నా అరచెయ్యి దాటనిది అయిదు వారాల్లో ఇంతైందా? ఈస్ట్ ఏమైనా కలిపావా?"

బల్ల చుట్టూ పకపకా నవ్వారు. ఆమె నవ్వలేదు. రాష్కో లేచి నిలబడ్డాడు.

"నీది నా చేతుల్లో పోయింది. అందుకే ఇంకోటి తెచ్చాను."

"పోయిందంటే ఒక రోజు ఏడ్చి ఊరుకునేదాన్ని. ఈ అబద్ధాన్ని ఏం చేసుకోను? పైగా ఇంత పెద్ద అబద్ధం!"

"నాకు భయమేసింది."

"పగడం కోసమా?"

"నువ్వు ఇంకెప్పుడూ నా వీధిలోకి కారు తిప్పవేమోనని." నిచ్చెన లేకుండా వాడు అంత గట్టిగా మాట్లాడ్డం ఊరు ఎప్పుడూ వినలేదు. "ఆ నత్త రోజు నించీ నువ్వంటే ఇష్టం. ఇప్పుడు తిట్టు."

పెర్సిదా మెల్లగా లేచి, పండగకని తొట్టి మీద కప్పిన బల్లగుడ్డ లాగింది.

అందరం చూస్తుండగా, మూలనున్న ముడుచుకున్న ముద్ద మీంచి మైనం పొర ఒలిచినట్టు లేచింది. ఒక చిన్న చెయ్యి బయటికొచ్చింది. తర్వాత పది, తర్వాత వంద. గొడుగంతా విచ్చుకుంది.

నెవెనా బకెట్టు కిందపెట్టి ముక్కు అద్దానికి ఆనించింది. "నాదే. కాడ మీద ఆ నొక్కు నేను కింద పడేసినప్పటిది." వీపు తిప్పుకునే అంది, "వసంతంలో దీంట్లోంచి నీకో ముక్క కోసిస్తాను."

కోసిన ముక్క ఇంకో పగడమై పెరుగుతుంది. పగడాలవాళ్ళలో ఆ మాట ఉత్తపుణ్యానికి ఎవరూ అనరు. తన పగడం చచ్చిననాడు వెళ్ళి, దాని ముక్క ఒకటి తిరిగి అడగ్గలిగిన ఇంటికే ఇస్తారు.

"బొటనవేలంత ఇస్తాను. ఆరేళ్ళు పెంచాలి. ఒక్కసారి కూడా జరపకూడదు. ప్రతి ఆదివారం వచ్చి చూస్తాను."

"ఆరేళ్ళా?"

"ఏం, తొందరా?"

"లేదు. ఆరే ఎందుకని."

ఆమె అప్పుడు నవ్వింది. "ముందు నోట్లోది మింగు" అంది. ఫాదరుగారు జరిగి ఆమెకి చోటిచ్చారు. పెర్సిదా ఇంకో కంచం తెచ్చి, "రెండిళ్ళలో రెండు తొట్లెందుకే అమ్మాయ్?" అని గొణిగింది. ఆ ప్రశ్నకి జవాబుగా మరుసటి శరత్తులో ఫాదరుగారే వాళ్ళిద్దరికీ పెళ్ళి చేశారు.

ఒకటి ఒప్పుకోవాలి. పగడం అందరి ముందూ విచ్చుకుందన్నది నేను కల్పించింది. దానికి గంటలు పడుతుంది, అంతసేపు క్యాబేజీ చుట్టలు ఆగవు. నిజానికది అంతకు ముందు మంగళవారమే, ఇంట్లో ఎవరూ చూడని వేళ విచ్చుకుంది. రాష్కోకి ఒక్కసారిగా చూపిద్దామని పండగ పొద్దున గుడ్డ కప్పింది పెర్సిదాయే. పెర్సిదా గుడ్డ లాగేసరికి, మా గొడవ తనకేం పట్టనట్టు హాయిగా ఊగుతోంది.