కదలని జీపు కింద నిమ్మకాయలు

తరన్నుమ్ విరిగిన కుర్చీ కాలు చేతబట్టుకుని మెట్లెక్కి వచ్చేసరికి, అది తన నెత్తికేనేమోనని అసిస్టెంటు నిరంజన్ బీరువా వెనక్కి జరిగాడు. జనగామ బస్టాండు ఎదురుగా, జిరాక్స్ సెంటరు పైనున్న ఆ ఒంటిగది డిటెక్టివ్ ఆఫీసుకు ఎక్కువగా వచ్చేది పెళ్లి సంబంధాల ఆరా కోసం. ఆరా బాగా తీస్తే సంబంధం చెడుతుంది, సంబంధం చెడితే ఎవరో ఒకరు కర్రతో వస్తారు. ఆరేళ్ల ఉద్యోగంలో అతను నేర్చుకున్నది అదొక్కటే.

కానీ ఈ పిల్ల నుదుటి మీద బొప్పి ఉంది.

"గిది మా అబ్బా కుర్చీ," అంటూ ఆ కాలును బల్ల మీద పెట్టింది. "మిగిలింది గింతే."

డిటెక్టివ్ కల్యాణి ఒలుస్తున్న పల్లికాయలను పక్కకు నెట్టింది. "మీ అబ్బా?"

"మంచిగున్నడు. నమాజుకు ముందు కాళ్లు చేతులు కడిగి వజూ చేసుకుందామని అప్పుడే లేచిండు. ఇంకో రెండు నిమిషాలు కూసుంటే..." తరన్నుమ్ కుర్చీ కాలు వైపు చూసింది.

ఆమె చెప్పిన సంగతి ఇది. తండ్రి అబ్దుల్ బారీ ఇరవై ఏళ్లు పత్తి లారీ నడిపి, నడుము పోయాక హైదరాబాదు రోడ్డు మీద మెకానిక్ షెడ్డు పెట్టాడు. మూడేళ్ల కిందట కూతురి పోరు పడలేక డైనో యంత్రం తెప్పించాడు. దానికి నేలలో రెండు ఇనుప రోలర్లు ఉంటాయి. వెనక చక్రాలు వాటి మీద పెట్టి, జీపును బెల్టులతో నేలకు బిగించి నడిపితే రోలర్లు తిరుగుతాయి, జీపు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఇంజను ఎంత బలంగా లాగుతుందో తెర మీద కనబడుతుంది. జీపులో కూర్చుని దాన్ని నడిపేది తరన్నుమే. నిన్న మధ్యాహ్నం ఒకటిన్నరకు, గూడూరు దగ్గరి తండావాడు మంగీలాల్ కొత్తగా కొని తెచ్చిన జీపు ఆమెతో సహా రోలర్ల మీద నుంచి దూకి, తిన్నగా బారీ కూర్చునే గదిలో దూరింది.

"పదకొండింటికి నేనే బెల్టులు కట్టిన అక్కా. ఒంటిగంటకు ఇంటికి పోయి తినొచ్చిన. ఎక్కి నడిపిన. అబ్బా ఏమో నువ్వు సరిగ్గ కట్టలేదంటున్నడు. యంత్రం అమ్మేస్తడట. కొంటనన్న భూపాలపల్లి వెంకట్రాం ఇయ్యాల నాలుగింటికి లారీ తెస్తున్నడు. అది పోయిందంటే నన్ను మళ్ల షెడ్డుల అడుగు పెట్టనియ్యడు."

నిరంజన్ నోటుబుక్కు తీసి, అనుమానితుల జాబితాలో మొదటి పేరు రాసి కింద రెండు గీతలు గీశాడు: వెంకట్రాం. ఆరేళ్లలో అతని జాబితా ఒక్కసారి కూడా నిజం కాలేదు. అయినా కల్యాణి మేడం పక్కన కూర్చుని తప్పు ఊహించడం కూడా ఒక అదృష్టమే అని అతని నమ్మకం. ఆమె పదిహేనేళ్లు బీమా ఆఫీసులో యాక్సిడెంటు కాయితాలు చూసిన మనిషి. బండి సొట్ట చూసి డ్రైవరు ఏ చేత్తో ఫోన్ పట్టుకున్నాడో చెప్పగలదు.

షెడ్డులో జీపు ఇంకా గోడలోనే ఉంది. రోలర్ల చుట్టూ నేల మీద దిట్టంగా పచ్చగీత. గోడ మీద ఎర్ర రంగుతో: "గీత దాటితే మా నాయిన అయినా సరే బయటికే. తరన్నుమ్." ఆ నాయిన గీత అవతల పాత టైరు మీద కూలబడి ఉన్నాడు. భారీ మనిషి. నిన్నటి నుంచి అన్నం ముట్టలేదట.

"పరిశోధన ఏం అవసరంలేదు బేటీ," అన్నాడు కల్యాణితో. "నా కుర్చీ పోయింది, మంచిదే. బిడ్డ పోతుండె. జీపులకెల్లి బయటికి గుంజినప్పుడు కండ్లు తెరవలే. గీ యంత్రం నాకొద్దు."

భుజం మీది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు. నిరంజన్‌కు కూడా ఎందుకో కళ్లు చెమర్చాయి.

కల్యాణి వంగి బెల్టులు చూసింది. రెంటికీ ఎక్కడా తెగిన గుర్తు లేదు. కుడి బెల్టు బిగింపు జారి పొడుగ్గా సాగినా, జీపు కుడి కొక్కెం నుంచి నేలలోని కుడి కడియానికి ఇంకా పట్టుకునే ఉంది. ఎడమది కొక్కెం జారి ఎడమ కడియానికి వేలాడుతోంది. రెండు బెల్టుల కొసలనూ ఎవరో ఓపికగా లారీ ముడి వేశారు.

"పొద్దున నువ్వు కట్టినప్పుడు ఫోటో ఏమన్న తీసినవా?"

తరన్నుమ్ ఫోన్ చూపించింది. అందులో బెల్టులు అడ్డంగా ఒకదాన్నొకటి దాటుతున్నాయి, కుడిది ఎడమకు, ఎడమది కుడికి.

"నడిపేముందు చూసినవా?"

"అద్దంల చూసిన. బెల్టులు కనబడ్డయి." తరన్నుమ్ తల దించుకుంది. "దిగి చెయ్యి పెట్టి చూడలే."

తర్వాత కల్యాణి చెత్తబుట్టను నేల మీద బోర్లించింది. నిరంజన్ ముక్కు మూసుకున్నాడు. అడుగున పడ్డవి ఇప్పుడు పైకొచ్చాయి: పసుపు కుంకుమ పూసిన రెండు నిమ్మకాయలు, టైరు అచ్చు పడి అప్పడాల్లా చదునైనవి. వాటి కింద అరటి తొక్క.

"తొక్క నాదే," అంది తరన్నుమ్. "ఇంటికాడికెల్లి తినుకుంట వచ్చి, అండ్ల పడేసి జీపు ఎక్కిన. నిమ్మకాయలు మంగీలాల్ వాళ్లమ్మ కాళవ్వ తెచ్చింది. పన్నెండున్నర బస్సు దిగింది. గీత అవతలున్న ముందు చక్రాల కింద పెట్టింది."

కల్యాణి ఆ నిమ్మకాయలను చాలాసేపు చూసి నవ్వింది. నిరంజన్‌కు ఆ నవ్వు తెలుసు. కేసు తెలిసిపోయిందని దాని అర్థం, తనకు మాత్రం ఏమీ తెలియలేదని కూడా.

అందుకే కాళవ్వను తానే ప్రశ్నిస్తానన్నాడు. ఆమె షెడ్డు బయట నీడలో కూర్చుని బీడీ కాలుస్తోంది.

"అవ్వా, నీ నిమ్మకాయలు చిదిగినయా?"

"చిదిగినయి."

"ఎప్పుడు?"

"చక్రం కింద పడ్డప్పుడు."

"చక్రాన్ని ఎవరు తిప్పిండ్రు?"

"ఇంజను."

"అప్పుడు నువ్వెక్కడున్నవు?"

"నిమ్మకాయల కాడ." పొగ వదిలి, జాలిగా చూసింది. "ఇంక అడగకు బిడ్డా. ఒకలకు మాటిచ్చిన."

నిరంజన్ లోపలికి వచ్చి జాబితాలో మంగీలాల్ పేరు, ఆ తర్వాత కాళవ్వ పేరు, చివరికి అనుమానంగా ఇంజను అని కూడా రాసుకున్నాడు.

నాలుగింటికి వెంకట్రాం ఖాళీ లారీతో దిగాడు. కల్యాణి అందర్నీ పచ్చగీత చుట్టూ నిలబెట్టింది. గోడలోంచి లాగించిన జీపును మళ్లీ రోలర్ల మీదికి ఎక్కించారు.

"ఇంజను ఆగే ఉన్నది. ఒక్కొక్కలు వచ్చి గీ బెల్టులు కట్టుండ్రి. అంతే."

మంగీలాల్ బెల్టును అటు తిప్పి ఇటు తిప్పి, "నాకు రాదు మేడం, నేను బండి అప్పజెప్పి నిలబడేటోన్ని," అన్నాడు. వెంకట్రాంకు సొంతంగా డైనో లేకపోయినా చాలా చోట్ల చూశాడు. అడ్డంగా, దాటించి కట్టాడు. మూడోవాడు బారీ. విసుక్కుంటూ వంగి, కుడిది కుడికి, ఎడమది ఎడమకు నిమిషంలో బిగించి, కొసలు ముడేసి, బెల్టు మీద రెండు దెబ్బలు వేశాడు.

"ఇగ కదలమను," అన్నాడు గర్వంగా.

కాళవ్వ బీడీ ఆర్పేసింది.

"బారీ భాయ్," అంది కల్యాణి మెల్లగా, "డైనో మీద వెనక చక్రాలే తిరుగుతయి. ముందు చక్రాలు కదలవు. మరి వాటి కింది నిమ్మకాయలు ఎట్ల చిదిగినయి? గోడలకు దూకినప్పుడు చిదిగినయంటే, బుట్టల అరటి తొక్క కింద ఉండవు. తరన్నుమ్ జీపు ఎక్కకముందే అవి బుట్టల పడ్డయి. అంటే ఆమె తిననీకి పోయినప్పుడు ఎవరో బెల్టులు ఇప్పి, జీపును మూరెడు ముందుకు నడిపి, వెనక్కి తెచ్చి, మళ్ల కట్టిండ్రు. కట్టిన చెయ్యి ఎవరిదో గిప్పుడే చూసినం."

బారీ మొహం పాలిపోయింది.

"నిమ్మకాయలు చిదగని బండి ఎక్కనియ్యనని అవ్వ కూసుంది. రెండు బస్సులు మారి వచ్చింది. పెద్దమనిషి. కాదని ఎట్ల అంటం? గీత దాటిన అని తెలిస్తే తరన్నుమ్ నన్ను బతకనియ్యదు. అందుకే చిదిగినవి బుట్టల పడేసి, చెప్పకు అవ్వా అన్న. కానీ మంచిగనే కట్టిన బేటీ. పది టన్నుల పత్తి గిట్లనే కట్టిన. ఇరవై ఏండ్లల్ల ఒక్క బస్తా జారలే."

"పత్తి బస్తా ఊకె కూసుంటది భాయ్. జీపు ఉరుకుతది. తిన్నగ కడితే ఎనక భాగం అటూ ఇటూ ఊగి కొక్కెం జారుతది. అందుకే దాటించి కట్టాలె."

బారీ చాలాసేపు బెల్టు వైపే చూశాడు. తన చేతి మీద అతనికి అనుమానం రావడం బహుశా అదే మొదటిసారి. తర్వాత కూతురి నుదుటి బొప్పి చూశాడు. ఆ పెద్ద మనిషి ఏడుస్తుంటే వెంకట్రాం కూడా లారీ తాళాలు జేబులో వేసుకుని పక్కకు తిరిగాడు.

"నాది కూడ ఉన్నది అబ్బా," అంది తరన్నుమ్. "చెయ్యి పెట్టి చూడాల్సింది. అద్దంల చూసిన."

వెంకట్రాం ఖాళీ లారీతోనే భూపాలపల్లి తిరిగిపోయాడు. నిరంజన్ తన జాబితాలోని పేర్లన్నీ కొట్టేశాడు. ఇంజనును మాత్రం ఉంచుకున్నాడు, ఏదో ఒకటి మిగలాలి కదా అని.

నాలుగు రోజులకు బాగుచేసిన జీపు మళ్లీ వచ్చింది. ఈసారి కాళవ్వ నిమ్మకాయలు గేటు బయట, రోడ్డు మీదే చిదిగాయి. తరన్నుమ్ బెల్టులు దాటించి కట్టి, ఒక్కో కొక్కేన్నీ చేత్తో లాగి చూసి, అప్పుడు ఎక్కింది. రోలర్లు ఊళ పెట్టాయి. జీపు ఉన్నచోటే ఉంది.

"గింత ఉరికింది," అంది కాళవ్వ కొడుకుతో, నమ్మకం కుదరక, "అడుగు కూడ పోలే. గిదేం బండి కొన్నవురా?"

ఇంజను ఆగింది. బారీ కొత్త కుర్చీ మోసుకుని పచ్చగీత దాకా వచ్చి, అక్కడ ఆగాడు. రోలర్లు ఇంకా మెల్లగా తిరుగుతున్నాయి.

"బిడ్డా," అన్నాడు, సొంత షెడ్డులో జీవితంలో మొదటిసారి, "లోపలికి రావాల్నా?"

తరన్నుమ్ రోలర్ల వైపు చూసింది. అవి పూర్తిగా ఆగేదాకా జవాబు చెప్పలేదు.

"ఇప్పుడు రా అబ్బా," అంది.