నూరీ డబ్బాలోని ఆముదం

సల్వా వసీలా ఆఫీసులోకి వచ్చేసరికి ఆమె చెవి నుంచి నెత్తురు కారుతోంది. కుర్చీ చూపించినా కూర్చోలేదు.

"మా తమ్ముడు అనీస్‌ని కట్టేశారమ్మా. అడ్డం వెళ్తే నన్నూ కొట్టారు. నూరీ మేస్త్రిని వాడే చంపాడంటున్నారు. సాయంత్రం అసర్ నమాజు కాగానే గొంతు కోస్తానన్నాడు మేస్త్రి వాళ్ళన్న బషీర్."

"పోలీసులు?" చెప్పులు వేసుకుంటూ అడిగింది వసీలా.

"ఇద్దరొచ్చారు. బషీర్ మనుషుల్ని చూసి, పెద్దాఫీసరుని తెస్తామని జారుకున్నారు."

వసీలా ఇరవై ఏళ్ళు ట్యునీషియా కస్టమ్స్‌లో దొంగ నూనెలు పట్టి, ఇప్పుడు సొంతంగా పరిశోధనలు చేస్తోంది. ఆమె ముక్కు మీద సహాయకుడు తారిక్‌కు దేవుడి మీద ఉన్నంత నమ్మకం.

సల్వా వెంట వెళ్ళేసరికి, ఇసుకలో పందేలు తీసే బైకులు బాగుచేసే షెడ్డులో నూరీ శవం మీద దుప్పటి కప్పి ఉంది. వసీలా దాన్ని ఎత్తింది. బైకు చైనుతో కొట్టిన కొట్టుడుకు పుర్రె పగిలి, నెత్తురు గోడ సగం దాకా చిమ్మింది. మూలన బల్ల కోడుకు కట్టేసిన అనీస్ కుడి మణికట్టు విరిగి వేలాడుతోంది.

బషీర్ చేతిలో ఇనుపరాడ్ ఉంది. "సాక్ష్యం కావాలా? పొద్దున పదింటికి ఇక్కణ్ణించి బండి వెళ్ళింది. వీధి మలుపులో ఆముదం పొగ కొట్టిందని పక్కింటావిడే చెప్పింది. ఇంజన్ అరగకుండా పెట్రోల్లో ఆముదం కలిపేది ఊళ్ళో ఇద్దరే. ఒకడు చచ్చాడు. రెండోవాడు వీడు."

"వారం కిందే మానేశా," అన్నాడు అనీస్. "ఇంజన్ అంతా కడిగి మొక్దాద్ కొట్లో కొత్త నూనె కొన్నా. అది లారీ నూనెరా, ఎప్పుడో ఇంజన్ పట్టేసి చస్తావని మేస్త్రి తిట్టాడు. మా మధ్య గొడవ అంతే."

నూనెల వ్యాపారి మొక్దాద్ ఆముదం తాగిన మొహంతో గుమ్మంలో నిలబడ్డాడు. "పోయినోడు ఏదో అన్నాడులే. నేనీ గుమ్మం తొక్కి మూడు రోజులైంది. పొద్దున్నుంచీ ఖర్జూర తోటలోనే ఉన్నా."

వసీలా మూత లేని నూరీ పెట్రోలు డబ్బాను చూసింది; ఆముదం వాసన వేసింది. పిడికి నెత్తురు అంటి ఉంది. అనీస్ బండి కార్బురేటర్ అడుగు విప్పి, వేలు ముంచి వాసన చూసింది. ఆ తర్వాత బయట ఉన్న మొక్దాద్ బండి దగ్గర కూర్చుని అదే పని చేసింది. తిరిగొచ్చి అందర్నీ లోపలికి పిలిచింది.

"అనీస్ బండిలో ఆముదం చుక్క కూడా లేదు. మరి పొగ ఎవరిది? చంపినవాడి బండిలో పెట్రోలు అయిపోవచ్చింది. నెత్తుటి చేత్తోనే నూరీ డబ్బా ఎత్తి తన టాంకులో వంపుకున్నాడు. టాంకు అడుగున అప్పటికే మామూలు ఇంజన్ నూనె కలిపిన పెట్రోలు కొంచెం ఉంది." ఆమె అరచెయ్యి చాపింది. విరిగిన పాలలా గడ్డలు. "ఆ రెండూ కలిస్తే ఇలా అవుతుంది. మొక్దాద్, ఇది నీ బండిలోది."

"ఎప్పుడో కలిసుంటుంది," అన్నాడు మొక్దాద్.

"ఇక్కడ అందరికీ తెలిసిందే, నూరీ ఏ పూటకాపూట కలిపేవాడు, మిగిలింది రాత్రికి ఇసుకలో పారబోసేవాడు. ఈ డబ్బా ఇవాళ పొద్దున కలిపింది, ఆ గడ్డలతో ఏ బండీ మూడు రోజులు నడవదు. నువ్వేమో మూడు రోజులుగా రాలేదన్నావ్. రెండూ కలపకండని ఊరందరికీ చెప్పేవాడివి, కంగారులో నువ్వే కలిపావు."

మొక్దాద్ బల్ల మీది స్పానర్ లాగి ఆమె భుజం మీద మోదాడు. వసీలా పడిపోయింది. బషీర్ రాడ్డు గాల్లో తిరిగింది. మోకాలి చిప్ప పగిలి మొక్దాద్ కూలబడ్డాడు.

"రేపు పందెంలో మైకు పట్టుకుని, నేను లారీ నూనె అంటగడుతున్నానని చెప్తానన్నాడు నూరీ," అని మూలిగాడు. "బతిమాలినా వినలేదు."

రాడ్డు మళ్ళీ లేచింది. "ఒద్దు," అంది వసీలా నేల మీది నుంచే. "వీడు కోర్టులో మాట్లాడాలి. తారిక్, కట్టెయ్."

బషీర్ రాడ్డు దించాడు. తర్వాత వెళ్ళి అనీస్ కట్లు కోశాడు. వెనక్కి తిరిగిపోయిన ఆ చేతిని చూశాడు. బండి నడిపే చెయ్యి. తానే విరిచాడు. అనీస్ ఎడమ చేతికి రాడ్డు ఇచ్చి, తన కుడి చెయ్యి బల్ల మీద పెట్టాడు.

"కొట్టు."

సల్వా వద్దంది. అనీస్ కొట్టాడు. ఎముక చప్పుడు షెడ్డులో అందరికీ వినపడింది.

"లెక్క సరిపోయింది," అన్నాడు బషీర్.

సల్వా దుప్పటి అంచు చింపి ఇద్దరికీ కట్లు కట్టింది.