మేడగది రైలింజన్

తెల్లవారేసరికి తూర్పున మబ్బు కమ్ముకుని ఉంది. వాన పడుతుందనుకున్నారు. పడలేదు. ఏడింటికల్లా మబ్బు మధ్యకి చీలి, ఆ చీలికలోంచి ఎండ ఏటవాలుగా దిగింది. పల్చటి ఎండే. అయినా తూర్పు కిటికీ ఉన్న ప్రతి ఇంట్లోకీ దూరి, పోయిన వస్తువేదో వెతుకుతున్నట్టు మూలమూలా తిరిగింది.

అలాంటి కిటికీ ఉన్న ఒక మేడగదిలో, ఉదయం ఎనిమిదీ ముప్ఫై అయిదుకి, రైలింజన్ ఒకటి కనబడకుండా పోయింది.

బొమ్మ ఇంజన్. వేలి కణుపంత ప్లాస్టిక్ ఇటుకలు ఒకదాని మీద ఒకటి నొక్కి కట్టినది. జానెడు పొడవు. తెల్లటి ఒళ్లు, నడుమున నీలం గీత.

కంప్లయింట్ తొమ్మిదీ పదికి స్టేషన్‌కి చేరింది. రాసిచ్చినాయన కళ్లద్దాల షాపు యజమాని. స్టేషన్‌లో కాగితాలన్నీ చూసే హెడ్ కానిస్టేబుల్‌ని అందరూ రైటరమ్మ అంటారు. ఆవిడ ఆ కాగితం రెండుసార్లు చదివింది.

“సార్, ఈయన వయసు యాభై రెండు. పోయింది ఆడుకునే బొమ్మ.”

ఇన్‌స్పెక్టర్ నవ్వలేదు. మూలనున్న ఇనప బీరువా వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. దాని మీద ‘పాత ఫైళ్లు’ అని తెల్ల రంగుతో రాసి ఉంటుంది. తాళంచెవి మాత్రం అతని జేబులో ఉంటుంది.

“జీపు తియ్యమను” అన్నాడు.

తొమ్మిదీ నలభైకి మేడగదిలో ఉన్నారు.

గది నిండా ఒక ఊరు ఉంది. స్టేషన్, వంతెన, గూడ్సు షెడ్డు, పచ్చజెండా పట్టుకున్న గోరంత మనిషి. అన్నీ ఇటుకలతో కట్టినవే. బల్ల చుట్టూ పట్టాలు. పట్టాల మీద మూడు పెట్టెలు. వాటి ముందు ఇంజన్ ఉండాల్సిన చోట ఖాళీ. గోడ పొడుగునా నలభై సొరుగులు. రంగుకొకటి, ఆకారానికొకటి.

షాపాయన తలుపు పక్కన, తల వంచుకుని నిలబడ్డాడు. దొంగలు పడిన ఇంటి మనిషిలా లేడు. తనే దొంగలా ఉన్నాడు. ఇన్‌స్పెక్టర్‌కి అదేమీ వింతగా తోచలేదు. ఈ వయసులో బొమ్మ పోయిందని పోలీసులకి చెప్పుకోవాల్సి వస్తే తనూ అలాగే నిలబడతాడు.

“ఆఖరిసారి ఎప్పుడు చూశారు?”

“ఎనిమిదింటికి. స్నానానికి వెళ్లాను. ఎనిమిదీ ముప్ఫై అయిదుకి వచ్చి చూస్తే లేదు.”

“వేరెవరైనా చూశారా?”

“లేదు. ఈ గదిలోకి ఎవరూ రారు. మా ఆవిడని చీపురు కూడా పెట్టనివ్వను.”

“ఇంజన్ ఎన్నాళ్లదండీ?”

“ముప్ఫై ఏళ్ల కిందటి సెట్టు. ఇప్పుడు తయారు చెయ్యడం లేదు. నేను కొని తొమ్మిదేళ్లు. అప్పట్నుంచీ ఈ కిటికీ కిందే, ఈ స్టేషన్ పక్కనే. చోటు మార్చలేదు.”

రేపు ఆదివారం టౌన్‌హాల్లో ఇలాంటి ఇటుక రైళ్లు కట్టేవాళ్ల సంఘం ప్రదర్శన. ఎక్కడినుంచో ఒక పెద్దాయన ప్రత్యేకం ఈ ఇంజన్ చూడ్డానికే వస్తున్నాడు. ప్రదర్శన కోసం కిందటి వారం తీయించిన ఫొటో ఒకటి షాపాయన తెచ్చి ఇచ్చాడు. ఇచ్చేటప్పుడు దాన్ని బోర్లించి ఇచ్చాడు.

మాట కలపడానికి ఇన్‌స్పెక్టర్ మిగతా రైళ్ల గురించి అడిగాడు. అంతే, మనిషి మారిపోయాడు. తల పైకి లేచింది. బండి వెడల్పుకి ఇటుక మీది బొడిపెలు ఆరు చాలునట, ఎనిమిదికి పోతే మలుపులో బోర్లా పడుతుందట. స్టిక్కర్లు అంటించే బండి బండే కాదట, గీతలూ అంకెలూ ఇటుక మీదే ముద్ర వేసి రావాలట. జిగురు పెట్టి అతికించే వాళ్లకి ఇటుకలు అమ్మనే కూడదట. బ్యాటరీ మోటార్లలో ప్రాణం లేదట, పట్టాలోంచి కరెంటు తాగే పాత మోటారే మోటారట. ఇక వేరే వాళ్లు పోతపోసిన నకళ్లంటారా, అవి ఈ గుమ్మం తొక్కవు.

“ఎనిమిది వెడల్పయితే మలుపు పెద్దది...” అని మొదలుపెట్టి, ఇన్‌స్పెక్టర్ చప్పున దగ్గాడు. రైటరమ్మ కాగితం మీంచి కళ్లెత్తి చూసింది.

అతను పట్టాల మీదికి వంగాడు. ప్రదర్శన దాకా నడపకూడదని నెలరోజులుగా రైలుని కదిలించలేదట. పెట్టెల చక్రాల వెనకా ముందూ దుమ్ము పల్చగా, ఎక్కడా చెదరకుండా ఉంది.

“తీసినవాడికి ఈ పని తెలుసు” అన్నాడు.

“ఎలా సార్?”

“ఇంజన్‌కీ పెట్టెకీ మధ్య అయస్కాంతాలుంటాయి. తెలియనివాడు లాగితే పెట్టె కూడా కదిలి వస్తుంది. తెలిసినవాడు ఇంజన్‌ని కాస్త పక్కకి తిప్పి ఎత్తుతాడు. పెట్టె వెంట్రుకవాసి కదల్లేదు.”

“మీకివన్నీ ఎలా...”

“ఎక్కడో చదివాలే.”

కింద షాపాయన భార్యని అడిగారు. ఆవిడ మెతక మనిషి. ఎనిమిదీ పదికి తమ్ముడు నిచ్చెన తిరిగిచ్చి పోవడానికి వచ్చాడట. మేడకి వెళ్లే వెనక మెట్ల కింద పెట్టి ఎనిమిదీ ఇరవై అయిదుకి వెళ్లిపోయాడట. ఆ మధ్యలోనే గడియారాల మెకానిక్ వచ్చి, తన దగ్గర ఉండిపోయిన సంఘం పుస్తకాలేవో గుమ్మంలోనే తన చేతికిచ్చి పోయాడట. లోపలికి రమ్మన్నా రాలేదట.

“పైన చప్పుడేమైనా వినబడిందా అమ్మా?”

“చప్పుడంటే... పొద్దున అయిదింటికి సొరుగుల్లో ఇటుకలు గలగలమన్నాయి. అది మాకు కోడికూత లాంటిదేనండీ. కొత్తేం కాదు.”

కొత్తేం కాదన్న మాటని రైటరమ్మ రాసుకోలేదు.

గురువారం తమ్ముడు బావని ఏదో వేళాకోళం చేశాడని కూడా ఆవిడే చెప్పింది. తమ్ముడు కొరియర్ వ్యాను నడుపుతాడు. అందరూ స్పీడు అంటారు. ఆ పిలుపు వినగానే ఇన్‌స్పెక్టర్‌కి గుర్తొచ్చింది. స్కూలు బస్సు డ్రైవర్‌గా సోమవారం చేరాల్సిన ఈ స్పీడు కాగితమే రెండు రోజులుగా తన బల్ల మీదే ఉంది. మీద కేసులేమీ లేవని సంతకం పెట్టి ఇవాళ అయిదింటిలోగా పంపాలి. ఎఫ్ఐఆర్‌లో అనుమానితుడిగా పేరెక్కితే ఆ కాగితం వెనక్కి పోతుంది. ఉద్యోగమూ దానితోపాటే.

స్పీడు పార్సిళ్లు దించుతూ దొరికాడు.

“గురువారం మీ బావతో ఏమన్నావ్?”

“రోజూ అనేదే సార్. ‘బావా, మీ బండి ఎన్ని గంటలకి? నాకో టికెట్ ఇప్పించు’ అన్నాను.”

“ఇంకా?”

స్పీడు ముఖంలో రంగు మారింది. “ఎవడో ఒకడు ఎత్తుకుపోతే గానీ నీకు బుద్ధి రాదు బావా, అన్నాను. వేళాకోళానికి సార్. బావ చెప్పాడా?”

“మీ బావ ఎవరి పేరూ చెప్పలేదు.”

“నేను కాదని కూడా చెప్పలేదా?”

ఇన్‌స్పెక్టర్ జీపు వైపు నడిచాడు.

మెకానిక్ దుకాణం బస్టాండు వెనక. కంటికి భూతద్దం తగిలించుకుని పని చేసుకుంటున్నాడు. నకలు ఇటుకలు కలిపి వంతెన కట్టాడని రెండేళ్ల కిందట షాపాయన అతన్ని సంఘంలోంచి పంపేశాడు. అందరి ముందూ నిలబెట్టి కల్తీగాడన్నాడట. కోపం ఉందా అంటే, ఉండేదని చెప్పాడు. ఇంజన్ పోయిందని చెప్పగానే భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు.

“పెద్దాయన దాన్ని విప్పి చూస్తానన్నాడా?” అని మాత్రం అడిగాడు.

“ఎందుకలా అడిగావు?”

“ఊరికే.”

పదకొండూ యాభైకి స్టేషన్‌కి తిరిగొచ్చారు. రైటరమ్మ లెక్క తేల్చేసింది. పని తెలిసినవాడు మెకానిక్. కాని గుమ్మం దాటి లోపలికి రాలేదు. వెనక మెట్ల దగ్గరున్నవాడు స్పీడు. పదేళ్లుగా బావ ఇంట్లో తిరిగేవాడికి అయస్కాంతాల సంగతి తెలియదా? అతని పేరు రాసేద్దామంది.

ఇన్‌స్పెక్టర్ ఫొటో చేతిలోకి తీసుకున్నాడు. కిటికీ దగ్గరికి వెళ్లి ఎండలో పెట్టి చూశాడు. అప్పుడు జేబులోంచి తాళంచెవి తీసి, బీరువా తెరిచాడు. అడుగు అరలో తువ్వాలు చుట్టిన మూట ఒకటుంది. విప్పాడు.

తెల్లటి ఒళ్లు, నీలం గీత ఉండాల్సిన రైలింజన్. అదే సెట్టు. కాని తెలుపు తెలుపుగా లేదు. ఒక పక్కంతా పాత పన్నులా పచ్చబడి ఉంది.

వెనక అడుగు చప్పుడు. అతని చెవులు వేడెక్కాయి. ఇరవై రెండేళ్ల సర్వీసు. ఇంట్లో భార్యకి కూడా తెలియని సంగతి.

“తెలుసు సార్” అంది రైటరమ్మ మెల్లగా. “ఫైళ్లు గలగలమనవు కదా.”

అతను ఆవిడ మొహం చూడలేదు. ఇంజన్‌ని సంచిలో పెట్టుకున్నాడు. “అందర్నీ మేడగదికి రమ్మను. ఒంటిగంటకి.”

ఒంటిగంటకి అందరూ వచ్చారు. షాపాయన, భార్య, స్పీడు, మెకానిక్. మెకానిక్ రెండేళ్ల తర్వాత ఆ గదిలో అడుగుపెట్టాడు.

ఇన్‌స్పెక్టర్ సంచిలోంచి తన ఇంజన్ తీసి కిటికీ కింద, స్టేషన్ పక్కన పెట్టాడు.

“ఇది మాది” అన్నాడు. “నాది.”

స్పీడు నోరు తెరిచాడు. అక్క మోచేత్తో పొడిచింది.

“ఈ స్టేషన్ గోడలు చూడండి. కిటికీ వైపు టీ ఒలికినట్టున్నాయి. నా ఇంజన్ చూడండి. ఈ కంపెనీ తెల్ల ఇటుక ఆ కాలంలోది ఎండ తగిలితే పచ్చబడుతుంది. ఎవరూ ఆపలేరు. దీన్ని చూసి బాధపడని వాడు మనలో లేడు.”

ఇంజన్ పక్కనే ఫొటో పెట్టాడు.

“ఫొటోలోది తొమ్మిదేళ్లుగా ఇదే కిటికీ కింద ఉన్న మీ ఇంజన్. కిందటి వారం ఫొటో. కొత్త కాగితంలా తెల్లగా ఉంది. అంటే ఇది ఆ కంపెనీది కాదు. నకలు.”

ఇన్‌స్పెక్టర్ షాపాయన వైపు తిరిగాడు.

“నేనొక తప్పు చేశాను. పొద్దున మీరు తల వంచుకుని నిలబడితే, బొమ్మలతో ఆడుతున్నందుకు సిగ్గుపడుతున్నారనుకున్నాను. ఎందుకంటే నాకు ఆ సిగ్గు ఉంది. కాని జిగురు గురించి, మోటార్ల గురించి చెప్పేటప్పుడు మీ తల పైకే ఉంది. ఫొటో మాత్రం బోర్లించి ఇచ్చారు. బొమ్మల వల్ల మీకు సిగ్గు లేదు. ఆ ఒక్క బొమ్మ వల్లే ఉంది.”

అతను గోడ దగ్గరికి నడిచాడు. తెల్ల ఇటుకల సొరుగు లాగాడు. రెండు చేతులతో తీసి బల్ల మీద బోర్లించాడు. గలగలమంది. పచ్చబడిన ఇటుకల మధ్య అక్కడక్కడా పాలలాంటి ఇటుకలు, పాత నోట్లో కట్టుడు పళ్లలా.

ఒకటి తీసి వెలుతురుకి పట్టాడు. “అసలుదైతే ప్రతి బొడిపె మీదా కంపెనీ పేరు ఉంటుంది. దీని మీద లేదు. కట్టి ఉన్నప్పుడు పైకప్పు కింద కనబడదు. పెద్దాయన విప్పి చూస్తే కనబడుతుంది. అయిదింటికి గలగలమంది ఇదే కదండీ?”

షాపాయన బల్ల అంచు పట్టుకున్నాడు. “కొన్న రోజే తెలిసింది” అన్నాడు. “మోసపోయానని ఎవరికి చెప్పుకోను? అప్పటికే అందరికీ చూపించేశాను.”

“పోలీసుల దాకా ఎందుకొచ్చారు?”

“ఊరికే పోయిందంటే ఎవరూ నమ్మరని. స్పీడు పేరు వస్తుందనుకోలేదు.”

“వచ్చాక?”

షాపాయన బల్ల మీది ఇటుకల్ని ఒకచోటికి తోశాడు. భార్య ఆయన వైపు చూడలేదు. కిటికీలోంచి బయటికి చూస్తోంది.

మెకానిక్ అప్పుడు నోరు విప్పాడు. “రెండేళ్ల కిందట దాని మోటారు బాగుచెయ్యడానికి నాకిచ్చావు. మోటారు తీస్తే పేరు లేని బొడిపెలు కనబడతాయి.”

షాపాయన తల ఎత్తాడు. “తెలుసా నీకు?”

“తెలుసు.”

“నిన్ను కల్తీగాడన్న రోజున అందరి ముందూ చెప్పెయ్యొచ్చుగా.”

“చెబితే ఆ తర్వాత నీ మొహం ఎలా చూడను?”

మోటారు బాగుచేసిన ఆ నెలలోనే అతన్ని సంఘంలోంచి ఎందుకు పంపేశారో ఇన్‌స్పెక్టర్ అడగలేదు. అడగనక్కరలేకపోయింది.

తెల్లకాగితం ఇచ్చాడు. తన ఇంజన్ పోలేదని, తనే విప్పి దాచానని, ఎవరి మీదా అనుమానం లేదని షాపాయన స్వహస్తంతో రాశాడు. చదవమన్నాడు ఇన్‌స్పెక్టర్. స్పీడు ముందు, పైకి, పూర్తిగా. ఆయన చదివాడు. మూడో వాక్యం దగ్గర ఆగి, మళ్లీ మొదట్నుంచి చదివాడు.

తప్పుడు కంప్లయింట్ సంగతి సోమవారం స్టేషన్‌లో మాట్లాడదామన్నాడు ఇన్‌స్పెక్టర్. రైటరమ్మ తెచ్చిన స్పీడు కాగితం మీద అక్కడే, ఇటుకల మధ్య చోటు చేసుకుని సంతకం పెట్టాడు. ఒకటీ ఇరవై అయిదు.

“అందరూ కిందికి రండి” అంది షాపాయన భార్య. “వండినది ఉంది.”

ఇన్‌స్పెక్టర్ వద్దనబోయాడు. ఆవిడ మొహం చూసి ఊరుకున్నాడు. రైటరమ్మ అప్పటికే చేతులు కడుక్కుంటోంది.

ఆరు కంచాలు పెట్టింది ఆవిడ. ముందు తమ్ముడికి వడ్డించింది. తర్వాత మెకానిక్‌కి. ఆ తర్వాత వచ్చిన ఇద్దరికీ. ఆఖరున భర్త కంచంలో వేసి, తనూ కూర్చుంది. రోజూ అడిగే టికెట్ సంగతి స్పీడు అడగలేదు. పైన కిటికీ దగ్గర మర్చిపోయిన ఇంజన్ ఇన్‌స్పెక్టర్‌కి గుర్తొచ్చింది. లేచి వెళ్లలేదు. సాయంత్రం దాన్ని చేత్తోనే పట్టుకుని ఇంటికి వెళ్లాలనుకున్నాడు, సంచి లేకుండా.

షాపాయన ముద్ద కలిపి అలాగే ఉన్నాడు. స్పీడు ఆయన వైపు చూడకుండానే నీళ్ల గ్లాసు ఆయన చేతికి అందేలా జరిపాడు. ఆయన తాగాడు. ఆ తర్వాత ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. అందరూ తింటున్నారు. కంచాల చప్పుడు తప్ప ఇంట్లో ఇంకేమీ వినబడలేదు.