తోరా గది కిటికీ

మా అత్త తోరాకి హీటింగ్ అంటే గిట్టదు. చలేస్తే ఇంకో స్వెట్టరు తొడుక్కోవాలి గానీ గోడ మీద బిళ్ళ తిప్పడమేంటని ఆవిడ వాదన. నడవలో ఆ స్మార్ట్ థర్మోస్టాట్ బిగించినప్పటి నుంచీ, అటుగా వెళ్ళిన ప్రతిసారీ ఒక డిగ్రీ వెనక్కి తిప్పేది. టక్. నేను వెళ్ళి ముందుకు తిప్పేదాన్ని. టక్. ఆవిడవి చిన్నపిల్లల చేతులు, గ్లౌజులు కూడా బడిపిల్లల సైజువే సరిపోయేవి. కానీ ఆ చేతులకున్న పట్టుదల ఇంతా అంతా కాదు.

నవంబరులో ఆవిడ వెనక గదిలో పోయింది. అప్పుడు నేను సముద్రానికి అవతల అబర్డీన్ ఆస్పత్రిలో ఉన్నాను. నెలలు నిండకుండా పుట్టిన మా రోనా గాజుపెట్టెలో ఉంది. జనవరిలో పాపని ఇంటికి పంపుతూ నర్సు ఒకటే మాట చెప్పింది. గది పద్దెనిమిది డిగ్రీలకు తగ్గకూడదని.

మా దీవి ఊరు స్ట్రోమ్‌నెస్‌లో జనవరి అంటే మధ్యాహ్నం టీ తాగేలోపే చీకటి. ఆ రోజు గాలివాన కూడా తోడైంది. నా భర్త మాన్సీ పనిచేసే ఓడ అవతలి రేవులోనే ఆగిపోయింది. గదుల్ని వెచ్చబెట్టే రేడియేటర్లు చల్లబడుతుంటే ఫోన్ తీసి థర్మోస్టాట్ పంపిన మెసేజ్ చూశాను.

‘వెనక గదిలో కిటికీ తెరిచి ఉంది. ఇల్లంతా హీటింగ్ ఆపబడింది.’

వెళ్ళి చూస్తే కిటికీ గట్టిగా మూసి, గొళ్ళెం పెట్టి ఉంది. కొవ్వొత్తి వెలిగించి అంచుల వెంట తిప్పాను. మంట కాస్త కూడా కదల్లేదు. గదిలో మాత్రం తడిసిన ఉన్ని వాసన.

థర్మోస్టాట్ బిగించిన గ్రెగర్‌కి ఫోన్ చేశాను.

“బ్యాటరీలు మార్చావా ఐల్సా?”

“మార్చాను. రీసెట్ కూడా చేశాను. నన్ను వెర్రిదాన్ననుకోకు.”

“అయితే కిటికీ కనిపెట్టే ఆప్షనే తీసేయ్. కాస్త చలిగాలి తగిలితే చాలు, కిటికీ తీశారనుకుంటుంది. మీ అత్తలాగే దానికీ అనుమానం ఎక్కువ.”

తీసేశాను. రేడియేటర్లో నీళ్ళు గలగలమన్నాయి. హమ్మయ్య అనుకునేలోపే ఫోన్ మళ్ళీ కూసింది. అదే మాట.

“ఆ ఆప్షన్ తీసేశాక అలా చెప్పడానికి వీల్లేదే...” అన్నాడు గ్రెగర్. “గాలి తగ్గాక రేపొస్తాలే” అని పెట్టేశాడు.

నాకు ఒళ్ళు మండింది. వెనక గది రేడియేటర్‌కి తగిలించిన సెన్సర్ని పీకి, బ్యాటరీలు తీసేసి, వంటింటి సొరుగులో పడేశాను.

ఫోన్ కూసింది. వెనక గది, మూడు డిగ్రీలు. కిటికీ తెరిచి ఉంది.

బ్యాటరీలు నా చేతిలోనే ఉన్నాయి...

పక్కింటి మైమీ ఆంటీ వేడినీళ్ళ సంచి పట్టుకుని వచ్చింది. వంటింట్లో పొయ్యి దగ్గర పాపని ఒళ్ళో పెట్టుకుని, నేను చెప్పిందంతా విని, గొంతు తగ్గించింది.

“తోరా పోయినప్పుడు కిటికీ తీశారా పిల్లా?”

మా దీవుల్లో మనిషి పోతున్నప్పుడు కిటికీ తీస్తారు, వెళ్ళేవాళ్ళకి దారి ఉండాలి కదా. మాన్సీకి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టాను.

“తీశాను” అన్నాడు నీరసంగా. “తీయగానే ఫోన్ గోల మొదలెట్టింది, హీటింగ్ ఆగింది. విసుగొచ్చి వెంటనే మూసేశా.”

“ప్రాణం పోయాకేనా?”



“అప్పటికింకా పోతోంది...” అన్నాడు.

మైమీ ఆంటీ మొహం పాలిపోయింది. “అంటే సగం వెళ్ళాక మూసేశాడన్నమాట. పాపని తీసుకుని మా ఇంటికి వచ్చేయవే.”

భయం వేసింది. కానీ అంతకన్నా కోపం ఎక్కువ వచ్చింది. “ఎందుకు రావాలి? బతికుండగా నన్ను చలిలో కూర్చోబెట్టింది చాలు. నా కూతుర్ని కూర్చోబెడతానంటే ఊరుకోను.”

ఒక్కదాన్నే వెనక గదిలోకి వెళ్ళాను. నోట్లోంచి ఆవిరి వస్తోంది. గొళ్ళెం తీసి చట్రం పైకి నెట్టాను. గాలంతా సముద్రం వైపే, ఇటు పక్క ఆకు కూడా కదలడం లేదు.

“వెళ్ళు తోరా. ఈసారి పూర్తిగా వెళ్ళు. ఇక ఇది నా ఇల్లు.”

కర్టెన్ కదిలింది...

బయటికి ఎగురుతుందనుకున్నాను. ఎగరలేదు. లోపలికి ఉబ్బింది. మెల్లగా... ఒక మనిషి పట్టేంత. తర్వాత జారి, మామూలుగా వేలాడింది.

దడేల్మని కిటికీ దించేశాను.

‘కిటికీ మూసి ఉంది. హీటింగ్ మొదలైంది.’

కాసేపటికి రేడియేటర్లు వెచ్చబడ్డాయి. నేనూ మైమీ ఆంటీ పిచ్చివాళ్ళలా నవ్వుకున్నాం. టీ పెట్టుకున్నాం. పాప గది ఇరవైకి చేరింది.

నడవలోంచి వినపడింది.

టక్.

వెళ్ళాను. పంతొమ్మిది. ముందుకు తిప్పాను. నా కళ్ళెదుటే బిళ్ళ దానంతటదే వెనక్కి తిరిగింది. టక్... టక్... పద్దెనిమిది.

ఇన్నాళ్ళూ లోపల ఉన్నది సగమే. దానికి చేతులు లేవు. బయట ఉండిపోయిన సగాన్ని నేనే లోపలికి పిలిచాను.

బిళ్ళని అరచేత్తో గట్టిగా పట్టుకున్నాను. “ఇంక ఒక్క గీత కూడా తిప్పనివ్వను అత్తా.”

తడి ఉన్ని వాసన ముక్కుకి కొట్టింది. నా చేతి మీద చల్లగా ఏదో ఆనింది. వేళ్ళు... ఒక్కొక్కటిగా...

“చెయ్యి తీసెయ్ పిల్లా” అని వెనక నుంచి గుసగుసలాడింది మైమీ ఆంటీ.

“తీయను.”

ఆ చెయ్యి నా చేతిని మణికట్టు దాకా కప్పేసింది. అప్పుడు గుర్తొచ్చింది. తోరావి చిన్నపిల్లల చేతులు కదా, ఇది ఆవిడది కాదు.

ఎవరిదైతే నాకేంటి. నా కూతురి గది పద్దెనిమిదికి తగ్గడానికి వీల్లేదు. నేను చెయ్యి తీయలేదు.

అదీ తీయలేదు.