రుక్మణి చదవని మూడు వరుసలు

ఆ ఉత్తరం వచ్చిన పూట వీరరాఘవ రాజా ఇంట్లో పొయ్యిమీది పప్పు అడుగంటి మాడిపోయింది. ఆ వాసన ఎవరి ముక్కుకీ తగల్లేదు! కవరు మూలన మదరాసు సినిమా కంపెనీ ముద్ర, మధ్యలో ఇంగ్లీషులో ఇంటి యజమాని పేరు, శింగరాజ కోట, రాజపాళయం అని అడ్రసు. చెల్లమ్మ తడిచేతులు కొంగుకు తుడుచుకుని కవరును భర్తకు అందించింది. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి కూతురికి ఇచ్చాడు. ధనం గబగబా కవరు అంచు చించింది. లోపల రెండు కాగితాలు. రెండింటి నిండా గుండ్రటి అక్షరాలు. తెలుగు!

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా తెలుగు లాలిపాట విని నిద్రపోయింది. తెలుగులో తిట్లు తిన్నది, తెలుగులో మొక్కులు మొక్కింది. మా ఇంటి మాట తెలుగు అని వీరరాఘవ రాజా మిల్లులో పదిమందిలో ఛాతీ విరుచుకుని చెప్పుకునేవాడు. కానీ తరాల కింద తమిళ దేశంలో స్థిరపడిన కుటుంబం, బడిలో నేర్చింది తమిళం. కొట్టు చీటీ తమిళం, పెళ్ళి పత్రిక తమిళం. తెలుగు అక్షరం ఆ గడప దాటి లోపలికి రావడం ఇదే మొదటిసారి. వచ్చి, ఎవరికీ అర్థం కాకుండా చాప మీద కూర్చుంది!

అంకెలు మాత్రం తెలిశాయి. ఒక చోట 25, ఒక చోట 10. ఇరవై అయిదో తేదీ పది గంటలకు ఏదో ఉంది... ఏమిటి? ఆ రోజు పదిహేను. రెండు నెలల కింద మదురై పాటల పోటీలో ధనానికి మొదటి బహుమతి వచ్చింది. అక్కడ తీర్పరిగా కూర్చున్న పెద్దమనిషే సినిమావాళ్ళ చెవిన వేసి ఉంటాడని ధనం అన్నది. పదిహేడేళ్ళ పిల్ల, గదిలో నాలుగు గోడలూ చుట్టి వచ్చింది. తెర వెనుక నిలబడి పాడేది కనుక ముఖం ఎవరికీ కనబడదు, గొంతు మాత్రమే పోతుంది, అందులో తప్పేమీ లేదని తండ్రి అప్పటికే తనకు తాను నచ్చజెప్పుకున్నాడు. ఆ మాట విన్నప్పుడల్లా చెల్లమ్మకు గుండెలో ముల్లు కదిలేది. పద్దెనిమిదేళ్ళ కింద ఇదే ఇంటి ఆడపిల్ల ఇదే పనికి పోయినప్పుడు అది మహాపాపం అయింది...

ఆ సాయంత్రం ఉత్తరం ఊరంతా తిరిగింది. మిల్లుకు పత్తి అమ్మే ఆంధ్ర దళారి ఒకడు చదవగలడు, కానీ కిందటి వారమే వెళ్ళిపోయాడు. గుడి అయ్యవారికి సంస్కృత మంత్రాలు రాసే గ్రంథాక్షరాలు వచ్చు, ఇవి రావు. చివరికి మిరపకాయల వ్యాపారి శ్రీరంగ చెట్టియార్ కళ్ళద్దాలు పెట్టుకుని, దీపం దగ్గరికి జరిపి, రెండు కాగితాలూ పైనుంచి కిందిదాకా వెతికాడు.

"రాజా, మూట మీద గుంటూరు అని ఉంటే కనిపెట్టేస్తాను," అన్నాడు. "ఇందులో గుంటూరు లేదు. అంతవరకు ఖాయం."

ధనం నవ్వు ఆపుకోలేక పోయింది. తండ్రి నవ్వలేదు. ఇంటికి వచ్చి ఉత్తరాన్ని పంచాంగం కింద పెట్టి, దీన్ని చదివేవాళ్ళు ఈ ఊళ్ళో లేరని అన్నాడు.

ఉన్నారు. ఆ సంగతి ఆయనకూ తెలుసు, చెల్లమ్మకూ తెలుసు. అంబలపుళి బజారు వెనుక సందులో, పెంకుటింట్లో, ఆయన చెల్లెలు రుక్మణి ఉంది. మదరాసు పోయి తెలుగు సినిమాల్లో గుంపు పాటలు పాడినప్పుడు అక్షరాలు నేర్చుకుందని విన్నారు. ఆరేళ్ళ కింద ఒంటరిగా తిరిగివచ్చి, ఆడపిల్లలకు పాట నేర్పి బతుకుతోంది. అన్న ఆమెను చూడడు. ఆమె పేరు ఆ ఇంట్లో ఎవరూ అనరు. మామగారు పోయినప్పుడు తండ్రి ముఖం చూసుకోవడానికి రుక్మణి రైలు దిగి పరుగున వచ్చింది. అన్న వద్దన్నాడు. ఆయన మాటకు తలవంచి తలుపు మూసి గడియ పెట్టింది... చెల్లమ్మే! పదిహేనేళ్ళు గడిచాయి. బయట నిలబడి ఏడ్చిన ఆ ఏడుపు ఇంకా ఆమె చెవుల్లోనే ఉంది.

మర్నాడు భర్త మిల్లుకు పోగానే చెల్లమ్మ పంచాంగం ఎత్తి ఉత్తరం తీసుకుంది. కూతుర్ని వెంటబెట్టుకుని వీధి దాటింది.  ఆ తలుపు తట్టడానికి ఏ ముఖం పెట్టుకుని వచ్చానా అని నిలబడిపోయేలోగా, ధనమే తట్టేసింది.

రుక్మణి తలుపు తీసింది. నుదుటి మీద నెరసిన వెంట్రుకలు, అన్నగారి ముక్కే.  ఒక్క నిందైనా వెయ్యలేదు. చాప పరిచి, మజ్జిగ ఇచ్చి, ఉత్తరం అందుకుంది.

ఆమె చదువుతుంటే ధనం మోకాళ్ళ మీద ముందుకు జరిగింది. ఇరవై అయిదో తేదీ ఉదయం పది గంటలకు మదరాసు కోడంబాకంలో గొంతు పరీక్ష. గొంతు నచ్చితే కొత్త చిత్రంలో ఒక పాట. ఒంటరిగా పాడే పాట! రెండో కాగితంలో ఉన్నది ఆ పాటే, నేర్చుకుని రావాలి. వస్తున్నట్టు ఇంటి పెద్ద జాబు రాయాలి. ధనం ఎగిరి అత్త మెడ పట్టుకుంది. పుట్టాక మొదటిసారి! రుక్మణి చెయ్యి ఒక్క క్షణం గాలిలో ఆగి, ఆ తరువాత పిల్ల వీపు మీద ఆనింది.

కానీ చెల్లమ్మ ఒకటి చూసింది. చదువుతున్నప్పుడు రుక్మణి వేలు అక్షరాల కిందుగా నడుస్తూ నడుస్తూ నడుమ ఒకచోట ఆగింది. ఆ తరువాత మూడు వరుసలు దాటి దూకింది. నోరు మాత్రం తడబడలేదు.

ఏముంది ఆ మూడు వరుసల్లో? ఇంటికి వచ్చాక చెల్లమ్మ ఉత్తరం విప్పి ఆ వరుసలనే చూసింది. ఆడపిల్ల సంగతి... సినిమావాళ్ళు ఏం షరతు పెట్టారో! భర్తకు చెబితే ఆ క్షణమే అంతా ఆగిపోతుంది. చెప్పకపోతే బిడ్డను కళ్ళు మూసుకుని పంపినట్టవుతుంది. ఉత్తరం చదివించుకు వచ్చామని మాత్రం చెప్పింది, ఎవరి చేత అన్నది చెప్పలేదు. ఆయన అడగనూ లేదు. ఈ ఊళ్ళో ఎవరు చదవగలరో తెలిసిన మనిషి అడగడు కదా! జాబు సంగతి శుక్రవారంలోగా ఆలోచిస్తానన్నాడు.

రోజూ మధ్యాహ్నం తల్లీకూతుళ్ళు ఆ పెంకుటింటికి పోయారు. ఆ ఇల్లు పాటతో నిండిపోయింది! రుక్మణి హార్మోనియం మీద ఒక్కో స్వరం పట్టి ఇచ్చేది. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, మైకు ముందు ఎంత దూరం నిలబడాలో, ఏ మాటను తోసి పాడకూడదో చెప్పేది. పాట మాటలను పెద్ద అక్షరాలతో పలక మీద రాసేది. ధనం పాడుతుంటే ఆమె కళ్ళు వెలిగేవి. ఒకసారి తానే పల్లవి ఎత్తుకుంది. చెల్లమ్మ బియ్యం ఏరే చేట పక్కన పెట్టేసింది. ఆ గొంతులో ఎక్కడా వయసు లేదు. ఆ పాట ఆ గొంతు కోసమే పుట్టినట్టుంది.

అయిదో రోజున చెల్లమ్మ పలక చూపించి, మా పేర్లు ఎట్లా ఉంటాయో రాసి చూపమంది. రుక్మణి నవ్వుతూ రాసింది. ఇది చెల్లమ్మ, ఇది ధనం. మరి నీది? రుక్మణి రాసింది. మూడే అక్షరాలు, నడిమి అక్షరం కింద ఇంకో చిన్న అక్షరం చెవికి లోలాకులా వేలాడుతోంది. రాసిన వెంటనే తుడిచేసింది.

తుడిచినా చెల్లమ్మ కళ్ళలోంచి అది పోలేదు. రొండిన దోపుకున్న ఉత్తరం తీసి మడత విప్పింది. నడుమ, వేలు దూకిన ఆ మూడు వరుసల్లో, అవే మూడు అక్షరాలు, అదే లోలాకు!

"రుక్మణీ, ఇక్కడ నీ పేరు ఉంది. ఏమి రాసి ఉన్నారు?"

హార్మోనియం ఆగింది. ధనం పాట ఆగింది.

"ఏమీ లేదు వదినా."

"ఏమీ లేకుంటే చదువు."

 రుక్మణి తలవంచుకుని, పాఠం అప్పజెప్పే పిల్లలా చదివింది. "ఈ పాట నిజానికి మీ సోదరి శ్రీమతి రుక్మణిగారి కోసం కట్టినది. పదేళ్ళు బృందంలో నిలబడి పాడిన ఆవిడకు ఒంటరిగా ఒక్క పాట ఇవ్వాలని మా సంగీత దర్శకులు ఎంతగానో కోరుకున్నారు. ఆవిడ తాను తప్పుకుని, మీ అమ్మాయి గొంతు వినమని మాకు రాశారు."

మదురై తీర్పరి కాదు, ఎవరూ కాదు! నవరాత్రి కచేరిలో ధనం పాడిన రోజున, రుక్మణే గుడి స్తంభం చాటున నిలబడి మేనకోడలి పాట విని వచ్చి, ఆ రాత్రే కంపెనీకి ఉత్తరం రాసిందట. చెల్లమ్మకు కళ్ళు మసకబారాయి. బిడ్డకు ఏ అపకారం దాచిందోనని అయిదు రోజులు అనుమానపడింది ఈ మనిషినా...

"పదేండ్లు గుంపులో నిలిచినావు," అన్నది. "ఒంటిగా ఒక్క పాట్టు వస్తే, దాన్నీ ఇచ్చేసినావా?"

"గుంపులో ఒక సుఖం ఉంది వదినా. తప్పు పాడితే పక్కదాన్ని చూడొచ్చు." రుక్మణి నవ్వబోయింది, నవ్వు రాలేదు. "అన్న చెవిన నా పేరు పడితే కడుదాసి చించి పొయ్యిలో వేస్తాడు. బిడ్డ పాట్టు పోతుంది. మూడు వరుసలు పోతే ఏమి పోయింది?"

ధనం పలక కింద పెట్టింది. "దొంగ చదువు చదివినావు అత్తా," అన్నది. కళ్ళనిండా నీళ్ళు. "నీ పాట్టు నేను పాడను. ఇంకొకటి ఇస్తే పాడుతాను. లేదంటే ఇంటికి వచ్చి నీ దగ్గరే నేర్చుకుంటాను."

ఆ సాయంత్రం వీరరాఘవ రాజా మిల్లు నుంచి వచ్చి కాళ్ళు కడుక్కోగానే చెల్లమ్మ ఎదురు నిలబడింది. కాపురానికి వచ్చినప్పటి నుంచి ఆమె అట్లా నిలబడింది లేదు. ఉత్తరం ఎవరు చదివారో చెప్పింది, ఏ మూడు వరుసలు చదవలేదో చెప్పింది, ఎందుకు చదవలేదో చెప్పింది, అత్త పాటను ధనం పాడనన్నదని కూడా చెప్పింది. ఆయన ముఖం నల్లబడింది. చెయ్యి ఉత్తరం మీదికి పోయింది. చించేస్తాడనుకుంది. అయినా వెనక్కి తగ్గలేదు.

"ఆనాడు తలుపు గడియ పెట్టింది నేను," అన్నది. "మీ మాట మీద పెట్టినాను. మామ ముఖం చూడకుండా ఆమె తిరిగి పోయింది. పదిహేను ఏండ్లుగా ఆ పాపం మోస్తా ఉన్నాను. ఆమెకు తప్పు అన్నది మన బిడ్డకు గొప్ప ఎట్లా అయింది? నాకు జవాబు చెప్పండి. చెప్పలేకుంటే, ఒక్కనాడు నా మాట మీద రండి."

 ఆయన ఉత్తరాన్ని చించకుండా మళ్ళీ పంచాంగం కింద పెట్టాడు. అన్నం ముందు కూర్చుని, ముద్ద కలిపి, తినకుండా లేచిపోయాడు. ఆ రాత్రి చెల్లమ్మకు నిద్ర లేదు. పక్కన మనిషికీ లేదని ఊపిరి చెబుతోంది.

పొద్దున ఆయన ఉతికిన పంచె కట్టుకుని, మిల్లు దారి వదిలి బజారు వైపు తిరిగాడు. చెల్లమ్మ, ధనం వెనకే పోయారు. పెంకుటింటి ముందు రుక్మణి ముగ్గు వేస్తోంది. అన్నను చూసి చేతిలోని ముగ్గు జారిపోయింది. లేచి నిలబడింది.  ఆయన తిన్నె మీద కూర్చుని, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, కాగితం, కలం తెమ్మన్నాడు. మదరాసుకు జాబు రాయాలి కదా, తనకు తెలుగు రాయడం రాదు కదా అన్నాడు.

ఆమె తెచ్చి, కింద మెట్టు మీద కూర్చుంది.

"రాయి. అయ్యా, మీ కడుదాసి అందింది."

"రాసినాను."

"ఇరవై అయిదో తేదీ నా కూతురు ధనం వస్తుంది."

కలం గరగర నడిచింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. ఒకసారి, మళ్ళీ ఒకసారి.

"నా చెల్లెలు రుక్మణి వస్తుంది."

కలం నిలిచిపోయింది. చెల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"రాయి," అన్నాడాయన, వీధి వైపు చూస్తూ. "పాట్టు ఆమెకు కట్టింది. ఆమే పాడుతుంది. అది అయినాక నా కూతురి గొంతు వినండి. ఆమెకు వేరే పాట్టు ఇచ్చినా సరి, ఇవ్వకున్నా సరి. ఇద్దరినీ నేనే తోడుకుని వస్తాను."

"అన్నా, బిడ్డకు వచ్చింది పోతుంది."

"బిడ్డే చెప్పింది. నాకంటే ముందే చెప్పింది. రాయి."

ఆమె రాసింది. సిరా మీద ఒక చుక్క పడి ఒక మాట చెదిరింది. దాని మీద కాగితం అద్ది మళ్ళీ దిద్దింది. ఆయన చదవమన్నాడు, అంతా చదవమన్నాడు. ఆమె మొదలుపెట్టింది. అయ్యా, మీ కడుదాసి అందింది. ఇరవై అయిదో తేదీ నా కూతురు ధనం వస్తుంది. ఆ తరువాతి మాట దగ్గర ఆగిపోయింది. పదేళ్ళు మైకుల ముందు నిలబడిన గొంతు ఆ రెండు మాటలు దాటలేక పోయింది.

వీరరాఘవ రాజా తొందరపెట్టలేదు. తిన్నె మీంచి దిగి వచ్చి, అదే మెట్టు మీద ఆమె పక్కన కూర్చున్నాడు.

"నా చెల్లెలు రుక్మణి వస్తుంది," అని చదివింది.

ఆయన కలం అందుకుని, ఆమె వేలు పెట్టి చూపించిన చోట, తనకు వచ్చిన తమిళంలో సంతకం చేశాడు.